లెక్కపెట్టని పళ్ళు

మామయ్య చేతికిచ్చిన పెన్నును అమ్మ పిండిడబ్బాలో నిలువునా గుచ్చి మూత పెట్టేసింది.

"ఇప్పుడు పెట్టించు నాతో సంతకం," అంది.

మామయ్య డబ్బా వంకా, అమ్మ వంకా మార్చి మార్చి చూశాడు. "ఆ పెన్ను నాది కాదే. హోటలాయనది. నిన్న జేబులో పెట్టుకుని మర్చిపోయి తెచ్చేశాను."

"అయితే ఆయన్నే వచ్చి వెతుక్కోమను. ఎలాగూ నాలుగింటికి వస్తున్నాడుగా, లారీ వేసుకుని."

నాన్న కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే, "సిరా కక్కే పెన్నయితే రేపటి రొట్టెలు నీలంగా వస్తాయి," అన్నాడు.

"నువ్వూరుకో బావా," అన్నాడు మామయ్య.

"మీరూరుకోండి," అంది అమ్మ.

వారం రోజుల్లో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

బల్ల మీద మా పాత జీపును హోటలాయనకు అమ్మే కాగితం గాలికి రెపరెపలాడుతోంది. నాన్న కత్తెర దాని మీద బరువుగా ఉంది. కింద రెండు గీతలున్నాయి. ఒక గీత మీద మామయ్య సంతకం ఉంది. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు మామయ్య రాసినవే. అందుకని ఆయన సంతకం కూడా బోర్డులాగే ఉంటుంది, చివర ఒక వంపూ, దాని కింద ఒక నీడా. రెండో గీత అమ్మది. అది ఖాళీగా ఉంది.

బండి ఇద్దరిదీ. తాతయ్య పోతూ పోతూ ఇద్దరి పేరునా రాశాడు. ఒక్కరు అమ్ముదామంటే కుదరదు, ఒక్కరు ఉంచుకుందామన్నా కుదరదు.

నేను తలుపు వెనకాల నిలబడ్డాను. ఇంట్లో గొడవైతే నా చోటు అదే.

"చెల్లీ, ఒక్కసారి అటు చూడు," అన్నాడు మామయ్య, గొంతు తగ్గించి. "అమ్మ చెయ్యి చూడు. ఆ కట్టు చూసి కూడా బండిని ఉంచుకుందాం అంటున్నావంటే నీకు మనసెలా వచ్చింది?"

కిటికీ దగ్గర కుర్చీలో అమ్మమ్మ కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు తెల్లటి కట్టు. ఆ చేతిని ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుంది.

"నాకు మనసు లేదు, సరే," అంది అమ్మ. "నీకు బుర్ర ఉందా? బండి ఎందుకు బిగుసుకుపోయిందో చెప్పమని వారం నుంచి అడుగుతున్నాను. జవాబు చెప్పకుండా బేరం కుదుర్చుకొచ్చావు."

"జవాబు నీకు తెలీదా? ఎండిన రాళ్ళ మీద నాలుగు చక్రాలూ కలిపి నడిపావు. నాన్న మనకి మొట్టమొదట నేర్పిందేంటి? బురదలో కలుపు, గట్టినేల రాగానే విడగొట్టు. పదేళ్ళప్పుడు నేర్చుకున్న పాఠం నలభై ఏళ్ళకి మర్చిపోయావు."

"నేను బురదలోనే కలిపాను. రాళ్ళు రాగానే విడగొడదామని చిన్న లివరు లాగాను. రాలేదు. రెండు చేతులూ వేసి లాగాను. అయినా రాలేదు. కావాలంటే అమ్మని అడుగు, పక్కనే ఉంది."

ఇద్దరూ ఒకేసారి అమ్మమ్మ వైపు తిరిగారు.

"నేను కళ్ళు మూసుకున్నాను," అంది అమ్మమ్మ.

నాన్న దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

పోయిన ఆదివారం ఏం జరిగిందో నాకు తెలుసు. వెనక సీట్లో నేనూ ఉన్నాను. కొండ మీది ఊళ్ళో అమ్మమ్మ వాళ్ళక్క ఉంది. ఆవిడ మంచం పట్టి ఏడాదయింది. ఆ దారిలో మామూలు బండి ఏదీ ఎక్కదు. ముందు బురద, ఆ పైన పరుపు పరిచినట్టు రాళ్ళు. మా పాత జీపు ఒక్కటే ఎక్కుతుంది. తాతయ్య దానికి దున్న అని పేరు పెట్టాడు, అడ్డం తిరిగితే కదలదు కాబట్టి.

బురద దాటేదాకా దున్న బాగానే వెళ్ళింది. రాళ్ళ మీదకు రాగానే ఒళ్ళు బిగబట్టుకున్న మనిషిలా అయిపోయింది. కింద నుంచి మూలుగు వినిపించింది. అమ్మ లివరు పట్టుకుని గుంజుతోంది. ఫట్‌మని ఒక చప్పుడు. ముందు చక్రాలకు వెళ్ళే షాఫ్టు జాయింటు విరిగి రాళ్ళ మీద పడింది. బండి ఒక్కసారిగా వెనక్కి జారి గట్టుకు కొట్టుకుంది. అమ్మమ్మ చెయ్యి తలుపుకు తగిలింది.

"గట్టు అక్కడ లేకపోయుంటే?" అన్నాడు మామయ్య. ఈసారి మరీ చిన్నగా అన్నాడు. "గట్టు పక్కన లోయ ఉంది చెల్లీ. నాకు రోజూ అదే కనిపిస్తోంది. బోర్డు మీద అక్షరం రాస్తూంటే అక్షరంలో కూడా అదే కనిపిస్తోంది."

లోయను అమ్మా చూసింది.

"తప్పు నాదైతే సంతకం పెడతాను," అంది. "నా తప్పని రుజువు చెయ్యి. నేను చేతకాని డ్రైవర్నని తేలితే, ఆ పెన్ను నేనే తీసి, కడిగి, సంతకం పెడతాను. అంతేగానీ నా నెత్తిన తప్పు పెట్టి బండి పట్టుకుపోతానంటే ఊరుకోను."

"పోయిన ఆదివారమే రుజువైంది!"

"విరిగిందని రుజువైంది. ఎందుకు విరిగిందో కాలేదు."

అమ్మ పెరటి తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది. మామయ్య చెప్పులు వెతుక్కున్నాడు. గడియారంలో పదకొండు దాటింది.

నేను అమ్మ వెనకాలే వెళ్ళాను.

రేకుల షెడ్డులో దున్న మూతి వంచుకుని నిలబడి ఉంది. అమ్మ దాని కింద దూరి విరిగిన జాయింటు చోట వేళ్ళతో తడుముతోంది. అమ్మ పిండిమిల్లు నడుపుతుంది. రాయి అరిగిందో బెల్టు వదులైందో చప్పుడును బట్టే చెప్పేస్తుంది. అలాంటి మనిషి వారం నుంచి ఆ జాయింటును తడిమి తడిమి చూస్తోంది, అది నోరు విప్పి చెబుతుందేమోనని.

నాకు చేయడానికి పనేమీ లేక గోడ చదవడం మొదలుపెట్టాను.

షెడ్డు గోడ తాతయ్య పెట్టిన పద్ధతి. బండికి ఏ పని చేసినా, చేసినవాళ్ళే సుద్దముక్కతో ఆ గోడ మీద రాయాలి. రాసి పక్కన తమ గుర్తు వెయ్యాలి. అమ్మది సున్నా. మామయ్యది త్రికోణం. ఒకరు చేసిన పనిని ఇంకొకరు రాయకూడదు. "గోడ మీద లేని పని చెయ్యని పనే" అనేవాడట తాతయ్య. గోడకు సున్నం వేయించమని అమ్మమ్మ ఎన్నిసార్లు అడిగినా ఎవరూ ఒప్పుకోలేదు.

వెనక ఇరుసు అన్న చోట తాతయ్య చేతిరాత ఇంకా ఉంది, లోపలి పళ్ళచక్రాల లెక్క. "పళ్ళు 43, 8. నేనే లెక్కపెట్టాను."

దాని పక్కన ముందు ఇరుసు. పాతది పగుళ్ళిచ్చిందని పోయిన ఏడాది పాతసామాన్ల దుకాణంలో ఇంకోటి కొన్నారు. అచ్చం అదే ఆకారం, అవే బోల్టులు. నాకు బాగా గుర్తుంది, ఆ రోజు ఇద్దరూ పెళ్ళికొడుకును తెచ్చినట్టు దాన్ని ఊరేగించుకుంటూ తెచ్చారు. గోడ మీద వరసగా రాసి ఉంది. బేరింగులు, సున్నా. సీళ్ళు, సున్నా. బ్రేకులు, త్రికోణం. తుప్పు గీకడం, త్రికోణం. గ్రీజు, సున్నా. బూడిదరంగు రెండు పూతలు, త్రికోణం, దాని కింద నీడ కూడా.

పైనుంచి కిందికి చదివాను. కింది నుంచి పైకి చదివాను.

"అమ్మా," అన్నాను.

"ఊఁ."

"ముందు ఇరుసు పళ్ళెన్ని?"

"అదెందుకే ఇప్పుడు? మామయ్య చూశాడు."

"గోడ మీద లేదు."

బండి కింద అమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత మెల్లగా, మోచేతుల మీద పాకుతూ బయటికొచ్చింది. గోడ ముందు నిలబడి వేలితో ఒక్కో వరసా చూసింది. నాకంటే ఎక్కువసేపు చూసింది.

"మామయ్యని పిలు," అంది.

మామయ్య అప్పటికే గేటు దాటుతున్నాడు. వీధిలో మనుషులున్నారు. వీధిలో గట్టిగా పిలవాలంటే నాకు నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. పరిగెత్తుకుంటూ వెళ్ళి చొక్కా అంచు పట్టుకున్నాను.

"ఏంటే పిల్లికూనా?" అన్నాడు. చప్పుడు కాకుండా నడుస్తానని నాకు ఆయన పెట్టిన పేరు అది.

"అమ్మ పిలుస్తోంది."

"మీ అమ్మ పిలిస్తే రానని చెప్పు."

నేను చొక్కా వదల్లేదు.

"నేను పిలుస్తున్నాను మామయ్యా," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. కుర్చీలో పెట్టిన బొమ్మ మాట్లాడితే చూసినట్టు. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.

షెడ్డులో అమ్మ గోడను చూపించింది, అంతే. మామయ్య చదివాడు.

"అయితే?" అన్నాడు.

"పళ్ళు లెక్కపెట్టావా?"

"నువ్వు లెక్కపెట్టావుగా. బేరింగులు వేసింది నువ్వు. లోపల చెయ్యి పెట్టింది నువ్వు."

"బేరింగులు చక్రాల దగ్గర వేశాను. మధ్యలో పళ్ళచక్రాలుండే గుండు విప్పలేదు. చేత్తో తిప్పితే నున్నగా తిరిగింది, విప్పడమెందుకని వదిలేశాను. దాని మీద తుప్పు గీకింది నువ్వు, రంగేసింది నువ్వు. పళ్ళ నంబరు చూసే ఉంటావనుకున్నాను."

"నేనూ నువ్వు చూశావనుకున్నాను."

అమ్మ గోడ మీది ఖాళీ చోట వేలు పెట్టింది.

"ఇప్పుడేమైంది?" అన్నాడు మామయ్య, గొంతు పెంచి. "అదే కంపెనీ, అదే ఆకారం. పళ్ళు మాత్రం వేరేగా ఎందుకుంటాయి? నీ తప్పు కప్పిపుచ్చుకోడానికి ఇదొకటి దొరికింది నీకు."

"అయితే తిప్పి చూద్దాం."

"నేను తిప్పుతాను. నువ్వు తిప్పితే మీ మిల్లు తూకంలా ఉంటుంది."

"నా తూకం సంగతి ఊరందరికీ తెలుసు. నీ బోర్డుల్లో పోయిన ఒత్తుల సంగతీ తెలుసు. తిప్పు."

గుండు విప్పకుండా పళ్ళ లెక్క పట్టే ఉపాయం ఒకటుంది. ఒక చక్రాన్ని తిప్పి, దానికి కలిసిన షాఫ్టు మొన ఎన్ని చుట్లు తిరిగిందో చూడటమే. గీత గీయడానికి సుద్ద కావాలి. గోడ దగ్గరి సుద్దముక్క పొడి పొడి అయిపోయింది. నాన్న బట్టల మీద గీతలు గీసే నీలం సుద్ద పట్టుకుని వచ్చాడు. పనిలో పనిగా తనూ ఉండిపోయాడు.

మామయ్య వెనక వైపు జాకీ పెట్టి రెండు చక్రాలూ లేపేశాడు. ఒకదాన్ని తిప్పగానే రెండోది వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. షాఫ్టు మొన కదల్లేదు.

"ఒకటి నేల మీద ఉంచు," అంది అమ్మ. "లేపినదాన్ని రెండు చుట్లు తిప్పితే ఒక చుట్టు కింద లెక్క. అది కూడా మర్చిపోయావా? పదేళ్ళప్పటి పాఠమే."

మామయ్య పళ్ళు కొరుక్కుంటూ జాకీ దించి ఒక పక్కకు పెట్టాడు. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాడు.

మొదట వెనక ఇరుసు చూశారు. గేరు న్యూట్రల్లో పెట్టి, చేతిబ్రేకు వదిలారు. నేను కింద పడుకుని షాఫ్టు మీద నీలం గీత గీసుకుని చూస్తున్నాను. మామయ్య చక్రం తిప్పాడు. నాన్న పైన నిలబడి గట్టిగా లెక్కపెడుతున్నాడు.

"ఒకటి... రెండు... మూడు..."

"నువ్వేం చూసి లెక్కపెడుతున్నావు బావా?"

"పిల్ల ముఖం చూసి."

"దాన్ని లెక్కపెట్టనీ!"

నేనే లెక్కపెట్టాను. చక్రం రెండు చుట్లు పూర్తయ్యేసరికి గీత ఐదు చుట్లు తిరిగి, ఆపైన ఇంకో చుట్టులో మూడో వంతు దాటింది. తాతయ్య రాసిన లెక్కకు సరిపోయింది. నలభైమూడును ఎనిమిదితో భాగిస్తే అంతే వస్తుంది.

తర్వాత ముందు ఇరుసు. విరిగిన షాఫ్టు తీసేసి ఉంది కాబట్టి, గుండులోంచి బయటికొచ్చిన మొన మీదే గీత గీశాను. మామయ్య చక్రం తిప్పాడు. చాలా నెమ్మదిగా తిప్పాడు. చక్రం రెండు చుట్లు పూర్తిచేసింది. నీలం గీత ఐదోసారి పైకి రాబోయి, కాస్త ఇవతలే ఆగిపోయింది.

"ఎంత?" అన్నాడు మామయ్య.

నేను గీత ఆగిన చోట వేలు పెట్టి చూశాను.

"ఎంతే?"

"ఐదు కూడా కాలేదు మామయ్యా."

"సరిగ్గా చూడలేదు. మళ్ళీ."

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి నన్ను లేవమని తనే కింద పడుకున్నాడు. అమ్మ తిప్పింది. మామయ్య లేచాక చొక్కా వీపంతా మట్టి. దులుపుకోలేదు.

"ఇప్పుడు ఏమైనట్టు?" అన్నాడు నాన్న. ఆయనకు నిజంగానే తెలీదు.

అమ్మ చెప్పింది. "ఇంజను ఒకటే. కానీ ముందు చక్రాలు వెనకవాటికంటే తొందరగా తిరగాలని చూస్తాయి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. రాళ్ళ మీద జారే వీలుండదు. ముందువి లాగుతాయి, వెనకవి పట్టి ఆపుతాయి. మధ్యలో అన్నీ బిగుసుకుపోతాయి. లివరు రాదు. చివరికి ఏదో ఒకటి విరగాలి."

"అంటే ఒకే పంట్లాంకి రెండు కాళ్ళు వేరే వేరే కొలతల్తో కుట్టారన్నమాట," అన్నాడు నాన్న. "నిలబడితే తెలీదు. నడిస్తే చిరుగుతుంది."

ఎవరూ ఆయన్ని ఊరుకోమనలేదు.

మామయ్య జేబులోంచి పెయింటు గీకే చిన్న కత్తి తీశాడు. ముందు ఇరుసు గుండు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక బోల్టు కింద చిన్న రేకుముక్క ఉంది, అటూ ఇటూ గోరంత. దాని మీద రెండు పూతల బూడిదరంగు నున్నగా, మెరుస్తూ ఉంది. అంచుల్లో కూడా ఎక్కడా కుంచె గీత కనిపించదు. మామయ్య పని అలాగే ఉంటుంది.

కత్తి మొనతో గీకాడు. ముందు బూడిదరంగు లేచింది. తర్వాత ఎర్రటి ప్రైమరు. దాని కింద అంకెలు.

39. 8.

జీవితమంతా అంకెలూ అక్షరాలూ రాసిన మనిషి. ఊళ్ళో ఏ గోడ మీద ఏ అక్షరం వంకరగా ఉన్నా ఆగి చూసే మనిషి. ఈ రెండు అంకెల మీద రంగేసి, చేతులు తుడుచుకుని, త్రికోణం పెట్టుకున్నాడు.

"నా చేత్తోనే," అన్నాడు.

అమ్మ అంటుందనుకున్నాను. వారం రోజులుగా పడ్డ మాటలన్నీ ఒక్కసారి తిప్పి కొడుతుందనుకున్నాను. ఆవిడ నోరు తెరిచింది కూడా. మామయ్య వీపు మీది మట్టిని చూసి, మళ్ళీ మూసుకుంది.

"విప్పాల్సింది నేను," అంది చివరికి. "నున్నగా తిరుగుతోందని మురిసిపోయాను."

ఎప్పుడొచ్చిందో అమ్మమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. "మీ నాన్న ఉంటే ఇద్దరి చెవులూ కలిపి మెలిపెట్టేవాడు," అంది. "ఒక్క చేత్తో నావల్ల కాదు."

మామయ్య లేచాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "చెల్లీ, నీ మీద తప్పు పెట్టాను."

"పెట్టావు."

"అయినా..." ఆగాడు. "అయినా ఆయనకి మాటిచ్చాను. వస్తున్నాడు."

"మాట నువ్వు ఒక్కడివే ఇచ్చావు."

"ఇచ్చాను కదా."

అంతే. మళ్ళీ మొదటికొచ్చాం. నాన్న నావైపు చూసి పెదవి విరిచాడు. మధ్యాహ్నం అన్నాలు ఎవరికి వాళ్ళు వడ్డించుకుని తిన్నాం. మామయ్య మాత్రం షెడ్డులోనే ఉండిపోయాడు. పళ్ళెంలో పెట్టి పట్టుకెళితే, రేకుముక్క వంక చూస్తూ తిన్నాడు. ఏం తింటున్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు.

చెప్పిన టైముకి పావుగంట ముందే హోటలాయన వచ్చాడు. వెనకే లారీ. మంచి మనిషే. చెప్పులు బయట విప్పి, అమ్మమ్మ చెయ్యి ఎలా ఉందని అడిగి, ఆ తర్వాతే బండి దగ్గరికి వెళ్ళాడు. బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అదరగొడుతుందండీ గుమ్మం ముందు," అన్నాడు. "ఇంజను తీయించేసి లోపల దీపాలు పెట్టిస్తాను. వెనక సీట్లలో పూలకుండీలు. వచ్చినవాళ్ళందరూ దీని పక్కన ఫొటోలు దిగుతారు."

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని గోడ పక్కన నిలబడింది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "బండి ఇవ్వలేనండీ."

హోటలాయన చెయ్యి బానెట్టు మీదే ఆగింది. "నిన్న మాటిచ్చారు."

"ఇచ్చాను. నాలుగు చక్రాలూ లాగే బండి అని చెప్పి ఇచ్చాను. ఇప్పుడు తెలిసింది, ఇది అలా లాగదు. ముందు ఇరుసు తప్పుది. తప్పు మాది."

"దాందేముందండీ?" ఆయన నవ్వేశాడు. "లాగినా లాగకపోయినా నాకొకటే. గుమ్మం ముందు నిలబెట్టేదానికి ఏ ఇరుసైతేనేం?"

"మీకొకటే. నాకు కాదు." మామయ్య రేకుముక్కను వేలితో చూపించాడు. "బోర్డు మీద ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. దుకాణం ఆయన పర్లేదులే అన్నా నేను నిచ్చెనేసుకుని ఎక్కి చెరిపి రాస్తాను. తప్పుతో నా పని బయటికి వెళ్ళదు. బాగుచేసి ఇస్తాను. మాట మాటే."

నా గుండె మొదట ఎగిరింది. తర్వాత ఆ చివరి మాటలు అర్థమై కిందికి జారింది. బాగుచేసి ఇస్తాను అన్నాడు. ఉంచుకుంటాను అనలేదు.

హోటలాయన బానెట్టు మీంచి చెయ్యి తీసేశాడు. లారీ డ్రైవరు బయట హారను కొట్టాడు. "సరే. ఎన్నాళ్ళు పడుతుంది?"

మామయ్య అమ్మ వైపు తిరిగాడు. గుండు విప్పి పళ్ళచక్రాలు మార్చే పని మా ఇంట్లో ఒక్క అమ్మకే వచ్చు. అది ఇద్దరికీ తెలుసు. అందరం అమ్మ వంకే చూస్తున్నాం. రెండేళ్ళు అనొచ్చు. సామాను ఇప్పట్లో దొరకదు అనొచ్చు. ఈ బండికి సామాను దొరకదంటే నమ్మనివాళ్ళెవరు? అనమ్మా, అనమ్మా అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

అమ్మ ముందు ఇరుసు వంక చూసింది. లోపల విప్పుతున్నట్టూ, కడుగుతున్నట్టూ, బిగిస్తున్నట్టూ ఆవిడ కళ్ళు కదిలాయి.

"ఆరు వారాలు," అంది.

"మా డాక్టరూ అంతే చెప్పాడు," అంది అమ్మమ్మ, కట్టు చూసుకుంటూ.

హోటలాయన నవ్వి, ఇంట్లోకొచ్చి బల్ల మీది కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అప్పుడైనా మీరు సంతకం పెడతారా అమ్మా?"

"బండి ఆ రాళ్ళదారి ఎక్కి దిగనివ్వండి," అంది అమ్మ. "మా అమ్మ వాళ్ళక్కని చూసి రానివ్వండి. ఆ తర్వాత అడగండి."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. దాని చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వింటూ నిలబడ్డాం.

నేను ఆగలేకపోయాను. "ఏడాది అనుండొచ్చుగా అమ్మా."

"ఆరు వారాల పనే అది."

"బాగైతే పట్టుకుపోతారు కదా!"

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. పానా అందుకుని బండి కింద దూరింది. గుండు అడుగు బోల్టు బిగుసుకుపోయి ఉంది. రెండుసార్లు జారింది. మూడోసారి పాదం నేలకు తన్నిపెట్టి తిప్పింది. బోల్టు కీచుమని కదిలింది.

రెండో వైపు నుంచి మామయ్య కూడా పాక్కుంటూ కిందికి వెళ్ళాడు. బయటికి రెండు జతల కాళ్ళు కనిపిస్తున్నాయి. కాసేపు పానాల చప్పుడే వినిపించింది.

"చెల్లీ," అన్నాడు మామయ్య కింద నుంచి.

"ఊఁ."

"ఆరేనా?"

"ఆరే."

మళ్ళీ పానా చప్పుడు. బోల్టు ఇంకో చుట్టు వదులైంది.

"ఎనిమిది వారాలు అనుండాల్సింది," అన్నాడు మామయ్య.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. బోల్టు అంచు నుంచి మొదటి నల్లటి నూనె చుక్క సాగి, వేలాడుతోంది.

"పళ్ళెం ఇటు పెట్టవే," అంది అమ్మ నాతో.